పాత వీ రిమోట్‌లోని ఐఆర్ కెమెరాకు సొంత సర్క్యూట్ బోర్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

నింటెండో వారి వీ అనే వీడియో గేమ్ యంత్రం 2006 నవంబరులో మార్కెట్లోకి వచ్చింది. దాని రిమోట్ ముందు కొసన నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. దాని వెనకాల ఐఆర్‌ని, అంటే కంటికి కనిపించని పరారుణ కాంతిని చూసే వేలిగోరంత కెమెరా, పిక్స్‌ఆర్ట్ సంస్థ చేసింది. బటన్లు అరిగిపోయినా, బ్యాటరీ కారి స్ప్రింగులు తుప్పు పట్టినా, బ్లూటూత్ పోయినా ఆ కెమెరా మాత్రం చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది. అలాంటి రిమోట్లు పాత సామాన్ల వాడి బుట్టలోకి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కెమెరాను బయటికి తీసి సొంత బోర్డు మీద బతికించడం గురించి నన్ను అడిగినవీ, మొదట్లో నేనే తెలియక తిప్పలు పడినవీ ఇక్కడ రాస్తున్నాను.

రిజిస్టర్ల (కెమెరా లోపల అమరికలు దాచుకునే గదుల) సంఖ్యలన్నీ మామూలు దశాంశ అంకెల్లోనే ఇచ్చాను. కోడ్‌లో అలాగే కొట్టినా పనిచేస్తాయి.

ఇంత చిన్న కెమెరాలో అంత విశేషం ఏముంది?

ఆలోచించే పని అదే చేసుకుంటుంది. లోపలి సెన్సర్ 128 అడ్డం, 96 నిలువు చుక్కలది. అంటే ఒక్క ఫ్రేముకు 12,288 చుక్కలు. ఆర్డుయినో యూనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులో ఉండే ఏటీమెగా328 చిప్‌కి ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. ఆ బొమ్మను దాచుకోవడానికే దానికి చోటు లేదు, ఇక అందులో వెలుగు ఎక్కడుందో వెతకడం మాట అటుంచండి.

ఈ కెమెరా బొమ్మను బయటికి పంపదు. తనలో తానే చూసుకుని, మెరిసే చుక్కల్ని నాలుగింటి దాకా ఏరి, ఒక్కోటి ఎక్కడుందో పిక్సెల్‌లో ఎనిమిదో వంతు వరకు లెక్కగట్టి, 1024 × 768 గళ్ల మీద ఫలానా చోట అని చెబుతుంది. అదీ సెకనుకు సుమారు వంద సార్లు. మన చిప్ చేయాల్సిందల్లా నాలుగు జతల అంకెలు చదువుకోవడమే.

దీంతో ఫొటోలు తీయొచ్చా?

కుదరదు. బొమ్మ బయటికి రాదు, చుక్కల స్థానాలు మాత్రమే వస్తాయి.

నా దగ్గర ఉన్న రిమోట్ బాగానే పనిచేస్తోంది. విప్పేయమంటారా?

దయచేసి వద్దు. పనిచేసే రిమోట్ బ్లూటూత్‌తోనే కెమెరా వివరాలన్నీ కంప్యూటర్‌కి పంపగలదు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న జానీ చుంగ్ లీ రిమోట్‌ను విప్పకుండానే గోడను డిజిటల్ బోర్డుగా మార్చి చూపించాడు, తల కదలికను పట్టి తెర మీద లోతు కనిపించేలా చేశాడు. కంప్యూటర్ పక్కనే పెట్టుకుని వాడేవాళ్లకు ఆ దారే మేలు.

సొంత బోర్డు అవసరమయ్యేది రెండు సందర్భాల్లో. రిమోట్ మిగతా భాగాలు పోయినప్పుడు, లేదా కంప్యూటర్ లేకుండా రోబో లాంటి దాని మీద కెమెరా తానుగా నడవాల్సినప్పుడు.

మార్కెట్లో చవగ్గా దొరికే నకిలీ రిమోట్ల నుంచి తీయొచ్చా?

వాటిలో ఇదే కెమెరా ఉంటుందన్న హామీ లేదు. ఈ పేజీలో చెప్పేదంతా అసలు రిమోట్ కెమెరా గురించే.

రిమోట్ విప్పడం, కెమెరా పీకడం ఎలా?

వెనకవైపు నాలుగు స్క్రూలుంటాయి, మూడు రెక్కల తల ఉన్నవి. వాటికి ట్రై-వింగ్ స్క్రూడ్రైవర్ కావాలి. సెల్‌ఫోన్ రిపేరు కిట్లలో వై ఆకారం ముక్క అని దొరుకుతుంది. మామూలు స్క్రూడ్రైవర్‌తో బలవంతం చేస్తే తల అరిగిపోయి, ఆ తర్వాత డ్రిల్ పెట్టాల్సి వస్తుంది.

కెమెరాకు ఎనిమిది కాళ్లు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతాను: సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించే ముందు బోర్డును రెండు వైపులా ఫొటో తీయండి. తర్వాత మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొనను బ్యాటరీ మైనస్ స్ప్రింగు మీద ఆనించి, రెండో కొనతో ఒక్కో కాలునూ తాకండి. బీప్ వచ్చిన కాళ్లు గ్రౌండ్. కాగితం మీద కెమెరా బొమ్మ గీసి అక్కడ గుర్తు పెట్టుకోండి. కెమెరా బయటికి వచ్చాక ఎటు పైనో ఎటు కిందో చెప్పడం కష్టం, ఆ కాగితమే దిక్కు.

పీకేటప్పుడు తొందర పనికిరాదు. పాత సోల్డర్ మీద కొత్త సోల్డర్ కొంచెం కలిపితే త్వరగా కరుగుతుంది. అప్పుడు విక్ (సోల్డర్‌ని పీల్చుకునే రాగి అల్లిక) పెట్టి ఒక్కో కాలును శుభ్రం చేసుకుంటూ వెళ్లండి. హాట్ ఎయిర్ వాడితే గాలి బోర్డు అడుగునుంచి తగలాలి, లెన్స్ వైపునుంచి కాదు. నా మొదటి కెమెరా లెన్స్ అలాగే కరిగింది. పైకి చిన్న మసకలా కనిపించింది, బోర్డంతా కట్టాక చూస్తే చుక్కలు ఒక్క చోట నిలవలేదు. అప్పటినుంచి లెన్స్ మీద వేడికి తట్టుకునే పోలీమైడ్ టేపు రెండు పొరలు వేసి గానీ ఐరన్ ముట్టుకోను.

ఆ ఎనిమిది కాళ్లు ఏమిటి?

ఒకటి 3.3 వోల్టుల కరెంటు. రెండు గ్రౌండ్. ఒకదానికి పనిలేదు, ఖాళీగా వదిలేయాలి. రెండు ఐ2సీ తీగలు, అంటే చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి: లయ చెప్పే ఎస్‌సీఎల్, సమాచారం మోసే ఎస్‌డీఏ. ఒకటి క్లాక్. చివరిది రీసెట్. ఈ వివరాలు మనకు అందడానికి కారణం కాకో అనే పేరుతో రాసే జపాన్ ఔత్సాహికుడు ఈ కెమెరాను విడిగా నడిపి, తాను కనుక్కున్నదంతా నలుగురికీ పంచిపెట్టడం. మనం ఇవాళ ఒక సాయంత్రంలో చేసుకునే పని ఆయన ఓపిక మీద నిలబడి ఉంది.

నెట్‌లో దొరికే పిన్ బొమ్మల్లో కొన్ని పైనుంచి చూసి గీసినవి, కొన్ని అడుగునుంచి. తారుమారు చేసి 3.3 వోల్టులు ఇంకో కాలికి ఇస్తే కెమెరా పోతుంది. మీరు మీటరుతో కనుక్కున్న గ్రౌండ్ కాళ్లు బొమ్మలోని గ్రౌండ్ కాళ్లతో సరిపోయాయో లేదో చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి.

అన్నీ సరిగానే కలిపాను, అయినా కెమెరా పలకడం లేదు. ఎందుకు?

నూటికి తొంభై పాళ్లు క్లాక్. నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయిన చోటు ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మామూలు ఐ2సీ సెన్సర్లకు కరెంటు, రెండు తీగలు ఇస్తే చాలు. ఈ కెమెరాకు లోపల సొంత గడియారం లేదు. రిమోట్‌లో ఉన్నప్పుడు ఆ టిక్కుటిక్కు పక్క బోర్డు నుంచి వస్తుంది. విడదీశాక మనమే 24 గానీ 25 గానీ మెగాహెర్ట్జ్ క్లాక్ ఇవ్వాలి. అది లేకపోతే ఐ2సీ స్కానర్‌కి (తీగల మీద ఏ చిప్ ఉందో వెతికే ప్రోగ్రాముకి) కెమెరా కనిపించనే కనిపించదు.

ఇక్కడ రెండు వస్తువుల మధ్య గందరగోళం ఉంది. క్రిస్టల్ అని రెండు కాళ్లతో దొరికేది వేరు, ఆసిలేటర్ అని నాలుగు కాళ్లతో దొరికేది వేరు. క్రిస్టల్ ఒంటరిగా ఏమీ చేయదు, దాన్ని ఊపడానికి ఇన్వర్టర్, రెండు చిన్న కెపాసిటర్లు కావాలి. ఆసిలేటర్‌కి కరెంటు ఇస్తే చాలు, ఒక కాలినుంచి క్లాక్ తయారుగా వస్తుంది. కౌంటర్ దగ్గర "25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఇవ్వండి" అని నేను నోరారా అడిగాను, వాళ్లు నేను అడిగిందే ఇచ్చారు. దాన్ని బోర్డు మీద పెట్టి రెండు సాయంత్రాలు కోడ్‌లో తప్పు వెతికాను. మీరు "నాలుగు కాళ్ల ఆసిలేటర్, 3.3 వోల్టులది" అని అడగండి. 5 వోల్టుల ఆసిలేటర్ తెచ్చి 3.3 మీద నడపొద్దు, 5 మీద నడిపి ఆ క్లాక్‌ని కెమెరాకు ఇవ్వొద్దు.

ఆసిలేటర్ దొరక్కపోతే రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. అది తన క్లాక్‌ని 21వ జీపీఐఓ కాలు మీదుగా బయటికి ఇవ్వగలదు. లోపలి 48 మెగాహెర్ట్జ్ యూఎస్‌బీ క్లాక్‌ని 2తో భాగిస్తే 24 వస్తుంది. చిప్ 125 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంటే 5తో భాగించినా 25 వస్తుంది. బోర్డు మీద ఒక భాగం తగ్గిపోతుంది.

క్లాక్ ఉందని నమ్మకం కుదిరాక రీసెట్ కాలు చూడండి. అది కిందికి లాగి ఉన్నంతసేపు కెమెరా నిద్రలోనే ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో 3.3కి కట్టి, గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. కరెంటు వచ్చిన క్షణంలో రీసెట్ కాసేపు కింద ఉండి, తర్వాత తానే పైకి లేస్తుంది.

బోర్డు మీద మొత్తం ఏమేం ఉండాలి?

కెమెరా, ఆసిలేటర్, 3.3 వోల్టుల రెగ్యులేటర్ (ఏఎంఎస్1117 సరిపోతుంది), ఐ2సీ తీగలు రెండింటికీ 3.3కి 2.2 నుంచి 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ (తీగను పైకి లాగి ఉంచే) రెసిస్టర్లు, పైన చెప్పిన రీసెట్ జంట. కెమెరా కరెంటు కాలి పక్కన ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆసిలేటర్ పక్కన ఇంకొకటి, రెగ్యులేటర్ రెండు వైపులా 10 మైక్రోఫారడ్‌వి. ఆసిలేటర్‌కీ కెమెరాకీ మధ్య వరుసలో 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే క్లాక్ అంచులు శుభ్రంగా ఉంటాయి. బయటికి నాలుగు తీగల కనెక్టర్ చాలు.

నా ఆర్డుయినో 5 వోల్టులది. నేరుగా కలపొచ్చా?

కలపకూడదు. ఐ2సీ తీగల మీద బీఎస్ఎస్138 మాస్‌ఫెట్‌లు (చిన్న ట్రాన్సిస్టర్లు) రెండు పెట్టి వోల్టేజీ లెవెల్ మార్చుకోండి. ఈ పనికి చిన్న రెడీమేడ్ బోర్డులు కూడా వస్తాయి. అసలు 3.3 వోల్టుల ప్రో మినీయో, ఈఎస్‌పీ32నో, పికోనో తీసుకుంటే ఈ బాధే లేదు.

బోర్డు ఇంట్లోనే చేసుకోవాలా, బయట చేయించాలా?

మొదటిది డాట్ బోర్డు (రంధ్రాల వరుసలతో రెడీగా దొరికే బోర్డు) మీద చేయండి. కెమెరా కాళ్ల దూరం డాట్ బోర్డు రంధ్రాల దూరంతో కలవదు, కాబట్టి సన్నటి ఎనామెల్ తీగతో ఒక్కో కాలినుంచి రంధ్రానికి తీసుకోవాలి. క్లాక్ తీగ రెండు సెంటీమీటర్లు దాటకూడదు. 25 మెగాహెర్ట్జ్‌ని జానెడు తీగ మీద పంపితే అది ఏంటెన్నా అవుతుంది, పక్కనున్న ఎస్‌డీఏ మీదికి దూకుతుంది.

డాట్ బోర్డు మీద నడిచాక కైక్యాడ్ అనే సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసుకుని, ఆ ప్రింటు టోనర్‌ని ఇస్త్రీపెట్టెతో రాగిరేకు బోర్డు మీద అద్ది, ఫెర్రిక్ క్లోరైడ్‌లో చెక్కుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో రాగిరేకు బోర్డు నుంచి ఫెర్రిక్ క్లోరైడ్ దాకా ఇవన్నీ ఒక్క వీధిలోనే దొరుకుతాయి. గాజు లేదా ప్లాస్టిక్ గిన్నె వాడండి, లోహపు గిన్నె వద్దు. వాడేసిన ద్రావణాన్ని సింకులో పోయొద్దు. అందులో కరిగిన రాగి ఉంటుంది, అది నీళ్లకూ మట్టికీ మంచిది కాదు. సీసాలో పోసి మూత పెట్టి మళ్లీ వాడుకోండి, చాలాసార్లు పనికొస్తుంది.

నాలుగైదు కావాలంటే గెర్బర్ ఫైళ్లు (కైక్యాడ్ ఇచ్చే బోర్డు నమూనా) తయారీదారుకు పంపి చేయించుకోవడమే సుఖం. అప్పుడు అడుగు పొర మొత్తాన్నీ గ్రౌండ్‌గా వదిలేయండి.

నల్ల ప్లాస్టిక్ ముక్క పారేయొచ్చా?

పారేయకండి, కెమెరాతో పాటు దాచుకోండి. ఐఆర్‌ని లోపలికి రానిచ్చి, కంటికి కనిపించే వెలుగును ఆపేది ఆ ముక్కే. అది లేకపోతే కెమెరా ట్యూబులైటునీ కిటికీనీ కూడా చుక్కలుగా లెక్కపెడుతుంది. పోగొట్టుకున్నవాళ్లు పాత ఫొటో నెగటివ్ రీలు చివర పూర్తిగా నల్లబడిన ముక్క వాడొచ్చు. డెవలప్ చేసిన కలర్ నెగటివ్ నలుపు ఐఆర్‌ని బాగానే పోనిస్తుంది.

చూడటానికి దానికి ఏం పెట్టాలి? సెన్సర్ బార్ కొనాలా?

వీతో పాటు వచ్చే, టీవీ దగ్గర పెట్టే ఆ కడ్డీకి సెన్సర్ బార్ అని పేరే గానీ అందులో సెన్సర్ ఏదీ లేదు. రెండు కొసల్లో ఐఆర్ ఎల్‌ఈడీలు, అంతే. రెండు కొవ్వొత్తులు పెట్టినా ఆట నడుస్తుంది. దేవుడి గదిలో దీపాన్ని చూపించి నేను మొదటిసారి నా బోర్డును పరీక్షించాను. వత్తి రెపరెపలాడినప్పుడల్లా తెర మీద అంకెలు కూడా అటూ ఇటూ ఊగాయి. ఆ సాయంత్రం ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

రోజువారీ పనికి ఎల్‌ఈడీలే మంచివి. ఈ కెమెరాకు 940 నానోమీటర్లవి 850 వాటికన్నా ప్రకాశంగా కనిపిస్తాయి. టీఎస్ఏఎల్6200 అలాంటిదే. రెండింటిని వరుసగా కలిపి 5 వోల్టులు ఇస్తే, ఒక్కోదానికి సుమారు 1.35 చొప్పున 2.7 వోల్టులు పోయి 2.3 మిగులుతుంది. 47 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దాదాపు 49 మిల్లీఆంపియర్లు పారుతుంది. ఎల్‌ఈడీ పరిమితి 100, కాబట్టి హాయిగా నడుస్తుంది. వెలుగుతోందో లేదో ఫోను కెమెరాలో చూస్తే లేత ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలు ఐఆర్‌ని ఆపేస్తాయి, ముందు కెమెరాతో చూడండి.

ఐఆర్ కంటికి కనిపించదు గనక రెప్ప దానంతట అది వాలదు. చాలా ఎల్‌ఈడీలు గుత్తిగా వెలిగించి దగ్గరనుంచి తేరిపార చూడొద్దు. పిల్లలు పక్కన ఉంటే ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి.

కెమెరాను లేపడానికి ఏం పంపాలి?

ఆరు జతలు, ఒక్కో జత తర్వాత 10 మిల్లీసెకన్లు ఆగుతూ. 48వ రిజిస్టర్‌లో 1, మళ్లీ 48లో 8, తర్వాత 6లో 144, 8లో 192, 26లో 64, చివరగా 51లో 51. ఆపైన 100 మిల్లీసెకన్లు ఆగండి. ఇక చదవాలనుకున్నప్పుడల్లా 54 అని పంపి 16 బైట్లు అడగండి.

మొదటి బైటు వదిలేయండి. తర్వాత చుక్కకు మూడు చొప్పున నాలుగు చుక్కలకు 12 బైట్లు. మూడింటిలో మొదటిది ఎక్స్, రెండోది వై, మూడోదానిలో మిగిలినవన్నీ కలిసి ఉంటాయి: పై రెండు బిట్లు వైవి, తర్వాతి రెండు ఎక్స్‌వి, కింది నాలుగు చుక్క సైజు. ఉదాహరణకు 200, 44, 147 వచ్చాయనుకోండి. 147 అంటే బైనరీలో 10 01 0011. వైకి 2 × 256 కలిపితే 556, ఎక్స్‌కి 1 × 256 కలిపితే 456, సైజు 3.

చుక్కకు ఇంకా ఎక్కువ వివరాలిచ్చే 36 బైట్ల పద్ధతి కూడా ఉంది. ఆర్డుయినోలో ఐ2సీ నడిపే మామూలు వైర్ లైబ్రరీ బఫర్ 32 బైట్లే కాబట్టి అది ఒక్క దెబ్బలో చదవడం కుదరదు.

అడ్రస్ ఒకచోట 176 అని, ఇంకోచోట 88 అని ఉంది. ఏది నిజం?

రెండూ ఒకటే. ఐ2సీ అడ్రస్ 7 బిట్లు, దాని పక్కన చదవాలా రాయాలా అని చెప్పే బిట్ ఒకటి. ఆ బిట్‌ని కలుపుకుని చెప్పేవాళ్లు 176 అంటారు, కలపనివాళ్లు 88 అంటారు. వైర్ లైబ్రరీకి 88 ఇవ్వాలి.

అన్నీ 1023 వస్తున్నాయి. కెమెరా పోయిందా?

లేదు, కెమెరా బాగుంది! 1023 అంటే నాకేమీ కనబడటం లేదు అని అది చెబుతోంది. టీవీ రిమోట్‌ని ఎదురుగా పెట్టి ఏదైనా బటన్ నొక్కి పట్టుకోండి.

లేని చుక్కలు కనిపిస్తుంటే గదిలో పాత ఫిలమెంట్ బల్బు, ఎండ, లేదా మీ ఎల్‌ఈడీలనే తిప్పికొట్టే స్టీలు గిన్నె, అద్దం, నున్నటి టైల్స్ ఉన్నాయేమో చూడండి. ఎల్‌ఈడీ బల్బులతో ఇబ్బంది ఉండదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఈ కెమెరాతో పని జరగదు, ఎండలో ఐఆర్ అంత ఉంటుంది.

దూరంగా ఉన్న ఎల్‌ఈడీ కనిపించడం లేదు.

8వ రిజిస్టర్ సున్నితత్వానిది. అంకె తగ్గేకొద్దీ చూపు పెరుగుతుంది. 192 బదులు 65 పెట్టి చూడండి. 26వ రిజిస్టర్‌లోని అంకె ఎప్పుడూ దీనికన్నా తక్కువ ఉండాలి, లేకపోతే కెమెరా పనిచేయదు. అక్కడ 64 ఉంది కాబట్టి 65 చివరి హద్దు. 6వ రిజిస్టర్ ఎంత పెద్ద చుక్క దాకా ఒప్పుకోవాలో చెబుతుంది.

రెండు కెమెరాలు కలపొచ్చా?

రెండింటి అడ్రసూ ఒకటే కాబట్టి నేరుగా కుదరదు. టీసీఏ9548ఏ మల్టీప్లెక్సర్ (ఒక్కోసారి ఒక్కో కెమెరాకు తీగలు కలిపే చిప్) పెడితే ఎనిమిది దాకా కలపొచ్చు.

దూరం కొలవొచ్చా?

ఎల్‌ఈడీల మధ్య దూరం తెలిస్తే కొలవొచ్చు. ఈ కెమెరా అడ్డంగా సుమారు 33 డిగ్రీలు, నిలువుగా 23 డిగ్రీలు చూస్తుంది. 1024 గళ్లకు 33 డిగ్రీలంటే లెక్కలోకి వచ్చే స్థిరసంఖ్య సుమారు 1728. దాన్ని ఎల్‌ఈడీల ఎడంతో గుణించి, తెర మీద కనిపించిన ఎడంతో భాగించండి. ఎల్‌ఈడీలు 20 సెంటీమీటర్ల ఎడంగా ఉండి, గళ్లలో 173 ఎడం కనిపిస్తే దూరం 2 మీటర్లు. 346 కనిపిస్తే మీటరు. ఇదంతా ఎల్‌ఈడీలు కెమెరాకు ఎదురుగా ఉన్నప్పుడే. మీ కెమెరాకు సరైన స్థిరసంఖ్య కోసం టేపు పెట్టి ఒకసారి కొలుచుకోండి.

ఒక జాగ్రత్త: చుక్క కనుమరుగై మళ్లీ వస్తే పాత వరుసలోనే వస్తుందని లేదు. ఒకటోది మూడోదిగా రావచ్చు. ఏది ఏదో కోడ్‌లో స్థానాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

దీంతో నిజంగా పనికొచ్చేది ఏం చేశారు?

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చాక కుడిచేయి లేవలేదు. ఎడమచేత్తో మౌస్ తిప్పడం ఆయనకు విసుగు. కెమెరా చుట్టూ ఆరు ఎల్‌ఈడీలు వలయంలా పెట్టి, ఆయన కళ్లజోడు మధ్యన చిటికెన వేలి గోరంత రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించాను. సైకిళ్ల వెనక వేసే రకమే, వచ్చిన వెలుగును వచ్చిన వైపే పంపుతుంది.

60 సెంటీమీటర్ల దూరంలో తల ఒక సెంటీమీటరు కదిలితే దాదాపు 29 గళ్లు మారుతుంది. ఆయన మెడ హాయిగా తిరిగేది అయిదు సెంటీమీటర్లే, అంటే 144 గళ్లు. తెర 1366 పిక్సెళ్లు. తొమ్మిదిన్నర రెట్లు పెంచితే గానీ బాణం తెర ఆ చివరి దాకా వెళ్లదు, అంత పెంచితే ఆయన ఊపిరికి కూడా బాణం వణికింది. చివరి అయిదు రీడింగుల సగటు తీసుకున్నాక నిలకడ వచ్చింది. సెకనుకు వంద రీడింగులు వస్తాయి కాబట్టి ఆలస్యం ఆయనకు తెలియలేదు. క్లిక్కు కోసం ఎడమచేతి కింద ఒక పెద్ద బటన్ పెట్టాను. పొద్దున్నే పేపరు ఇప్పుడు ఆయనే తెరుచుకుని చదువుతున్నారు.